కూర్చునే చోటు తీసేస్తే మనుషులు ఎక్కడ కలుసుకోవాలి? పురపాలక శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి, ముఖ్య కార్యదర్శిగారికి, పురపాలక సంఘాల కమిషనర్లకు, జిల్లా గ్రంథాలయ సంస్థల కార్యదర్శులకు,

నమస్కారాలు. మీకు పని ఎక్కువ, సమయం తక్కువ. అందుకని నేరుగా విషయంలోకి వస్తున్నాను.

మాది కోస్తా జిల్లాల్లో ఓ మోస్తరు పట్టణం. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఇది ఒక కమిషనరు మీద ఫిర్యాదుగా మారి, ఆయన బదిలీతో పాటే ఫైలు మూతపడుతుంది. ఇక్కడ జరిగినటువంటిదే తమ ఊళ్లోనూ జరిగిందని బంధువులు, పాత సహోద్యోగులు చెబుతూనే ఉన్నారు. నేను తపాలా శాఖలో కౌంటరు వెనక కూర్చుని ఉద్యోగం చేసి రిటైరైనవాడిని. అర్జీలు రాసిపెట్టడం అప్పటి నుంచీ అలవాటు. ఈసారి రాసినవి ఫలించలేదు కాబట్టి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగిన సంగతులు.

మా వార్డులో ఒక పఠన మందిరం ఉండేది. ఏనాటి దాతో ఇచ్చిన స్థలంలో పెంకుల కప్పు, సున్నం గోడలు, నడుమ రెండు పొడవాటి బల్లలు, అటూ ఇటూ బెంచీలు. పొద్దున్నే పత్రికలు రాగానే వాటిని పేజీలుగా విడదీసి పంచుకునేవాళ్లం. క్రీడల పేజీ ఒకరిది, ధరల పేజీ మరొకరిది, జిల్లా పేజీకి ఎప్పుడూ పోటీయే. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిన ఒక పెద్దాయనకు పక్కనున్నవారు శీర్షికలు పైకి చదివి వినిపించేవారు. ఆయన ప్రతి వార్తకూ ఒక తీర్పు చెప్పేవారు. ముఖ్యమంత్రి దగ్గర నుంచి మా వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టరు దాకా ఆ తీర్పుకు ఎవరూ అతీతులు కారు. ఆ తీర్పులు వినడానికే వచ్చేవాళ్లు కొందరు ఉండేవారు. ఎండ ముదిరే వేళకు పేజీలన్నీ తిరిగి వరసలో పెట్టి, ముద్ర వేసి, దొంతర సర్ది ఇళ్లకు పోయేవాళ్లం.

వానాకాలంలో కప్పు కురుస్తోంది, నాలుగు పెంకులు మార్చండి అని అర్జీ పెట్టుకున్నాం. పెంకులు మార్చలేదు. 'శిథిల భవనం, ప్రవేశం నిషిద్ధం' అని బోర్డు తగిలించి తాళం వేశారు. ప్రత్యామ్నాయం చూస్తామని నోటిమాటగా చెప్పారు.

ఆ తర్వాత మెయిన్ రోడ్డు వెడల్పు చేశారు. రోడ్డు వద్దని ఎవరూ అనలేదు, లారీల మధ్య నడిచేవాళ్లం మేమే కదా. అయితే ఆ పనిలో రెండు వైపులా ఇళ్ల ముందరి అరుగులన్నీ పోయాయి. మార్కింగు గీసిన మర్నాడే యంత్రం వచ్చింది. అరుగు ఇంటివారిదే అయినా కూర్చునేది వీధి అంతా. సాయంత్రం మూడు నాలుగు ఇళ్ల ఆడవాళ్లు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చునే చోట ఇప్పుడు మురుగుకాలువ మీది సిమెంటు పలకలున్నాయి. పరిహారం పట్టికలో గోడకు లెక్క ఉంది, గేటుకు లెక్క ఉంది, అరుగుకు లేదు.

పార్కును కూడా బాగుచేశారు. నడక దారి, వ్యాయామ పరికరాలు, ఊరి పేరు రంగుల అక్షరాల్లో పెట్టి దాని ముందు ఫొటోలు దిగడానికి ఒక వేదిక. బాగానే ఉన్నాయి. కానీ చెట్ల కిందున్న పాత సిమెంటు బెంచీలు మళ్లీ కనబడలేదు. పగలు తొమ్మిది నుంచి నాలుగు దాకా గేటుకు తాళం. అంటే, నడవగలిగినవారికి పార్కు ఉంది. నడిచి అలసిపోయినవారికి లేదు. బస్టాపులోనేమో వెనకటి సిమెంటు అరుగు స్థానంలో వాలుగా ఒక స్టీలు గొట్టం బిగించారు. దాని మీద ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేరు, కూర్చోకూడదనే దాన్ని అలా బిగించారేమో కూడా తెలియదు.

సోమవారం గ్రీవెన్సులో పఠన మందిరం గురించి అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. కొన్నాళ్లకు ఫోనుకు సందేశం వచ్చింది: 'మీ అర్జీ పరిష్కరించబడినది.' తాళం తాళంగానే ఉంది. మళ్లీ వెళితే రాతపూర్వకంగా జవాబిచ్చారు. దాని సారాంశం: దినపత్రికలు ఇప్పుడు సెల్‌ఫోనులోనే దొరుకుతున్నాయి, పఠన మందిరానికి వచ్చేవారి సంఖ్య స్వల్పం, కనుక వేరే గది అవసరం లేదు.

ఈ జవాబు రాసిన అధికారి అబద్ధం రాయలేదు. పత్రికలు ఫోనులో వస్తాయి. రోజూ వచ్చేవారి సంఖ్య కూడా పెద్దదేమీ కాదు. ఆయనకు తెలియంది ఒక్కటే. అక్కడికి వచ్చేవారెవరూ పత్రిక కోసమే రాలేదు.

ఇది నాకు పోస్టాఫీసు కౌంటరు నేర్పిన సంగతి. పొదుపు ఖాతా వడ్డీ ఏడాదికి ఒకసారి, మార్చి నెలాఖరున పడుతుంది. అది నాకు తెలుసు, ఖాతాదారుకూ తెలుసు. అయినా ఆగస్టులో పాసుబుక్కు పట్టుకుని వచ్చి 'వడ్డీ పడిందేమో చూడు బాబూ' అనే ముసలమ్మలు నా కౌంటరు ముందు ఎంతమందో. కొత్తగా చేరిన గుమాస్తాలు విసుక్కునేవారు. కాస్త అనుభవం వచ్చాక వాళ్లే పాసుబుక్కు తీసుకుని, తిరగేసి, 'ఇంకా లేదమ్మా, ఒంట్లో ఎలా ఉంది?' అని అడగడం నేర్చుకునేవారు. ఆమె వచ్చింది ఆ రెండో ప్రశ్న కోసం.

'నేను ఒంటరిగా ఉన్నాను, ఎవరైనా వచ్చి నాతో మాట్లాడండి' అని మన దేశంలో ఎవరూ అర్జీ పెట్టరు. అలా అడగడం నామోషీ. కొడుకులు కూతుళ్ల పరువు కూడా అందులో ఉంటుంది. అందుకే మనిషి దగ్గరకు మనిషి వెళ్లాలంటే ఏదో ఒక మిష కావాలి. పేపరు ఒక మిష, పాసుబుక్కు ఒక మిష, చిక్కుడుకాయలు ఒక మిష. సౌకర్యం పేరుతో మనం ఈ మిషలను ఒక్కొక్కటిగా ఇంటికే తెచ్చి ఇచ్చాం. బిల్లులు ఫోనులో, పత్రిక ఫోనులో, సరుకులు గుమ్మంలో. మంచం పట్టినవారికి ఇవి వరాలే, నేనేమీ వెనక్కి తీసుకోమనడం లేదు. కానీ కాళ్లు ఆడుతున్నవాడికి బయటికి వెళ్లవలసిన పని లేకుండా చేసినప్పుడు, పనేమీ లేకపోయినా వెళ్లి కూర్చోగల చోటొకటి మిగల్చాలి. మీ శాఖ ఆ చోటును కూడా తీసేస్తోంది. నా లేఖంతా ఈ ఒక్క మాట గురించే.

మనిషికి మనిషి తోడు అవసరమన్నది పెద్దవాళ్లు వాపోయే మాటగా కొట్టిపారేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన కమిషను 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని అందులో అంచనా వేశారు. అంతకు ముందే, 2010లో, 148 అధ్యయనాలను, వాటిలోని 3 లక్షల మందికి పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవారు ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం మిగతావారి కంటే 50 శాతం ఎక్కువని తేలింది. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఈ విషయానికి ప్రత్యేకంగా మంత్రులకే బాధ్యత అప్పగించాయి.

అంత దూరం ఎందుకు, మన శిక్షాస్మృతినే చూడండి. ఖైదీని ఏకాంత నిర్బంధంలో పెట్టడానికి పాత ఐపీసీలోనూ, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ హద్దు ఉంది. ఒక్క విడతలో 14 రోజులు దాటకూడదు, ఎంత పెద్ద శిక్ష పడినా మొత్తం మీద మూడు నెలలు దాటకూడదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు కూడా వరుసగా 15 రోజులు మించిన ఏకాంత నిర్బంధాన్ని నిషేధించాయి. హంతకుడికైనా ఇంతకు మించి మనుషుల మొహం కనబడకుండా చేయకూడదని చట్టం చెబుతోంది. మా వార్డులో ఏ నేరమూ చేయని మనుషులు కొందరు ఇంతకంటే ఎక్కువ కాలంగా పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండా ఉన్నారు.

ఇక సామాన్యుల మీద దీని ప్రభావం ఏమిటో వరసగా చెబుతాను.

1. పడిపోతే తెలిసే దారి మూసుకుపోయింది. పఠన మందిరం ఉన్నప్పుడు ఒక మనిషి రెండు రోజులు కనబడకపోతే మూడో రోజు ఎవరో ఒకరు ఇంటికి వెళ్లి తలుపు తట్టేవారు. దానికి రిజిస్టరు లేదు, కమిటీ లేదు. ఆయన కూర్చునే చోటు ఖాళీగా కనిపించేది, అంతే. తాళం పడ్డాక అక్కడికి రోజూ వచ్చే ఒకాయన ఇంట్లో స్నానాల గదిలో జారిపడ్డారు. భార్య పోయారు, కూతురు బెంగళూరులో ఉంటుంది. గుమ్మం ముందు నిన్నటి పాల ప్యాకెట్టు అలాగే ఉండటం చూసి, దాని పక్కనే రెండోది పెట్టబోయిన కుర్రాడికి అనుమానం వచ్చి కేకలు వేశాడు. తలుపు పగలగొట్టే సరికి ఆయనకు స్పృహ ఉంది. తుంటి ఎముక విరిగి రాత్రంతా తడి నేల మీద పడి ఉన్నారు. ఆపరేషను అయింది కానీ మునుపటిలా నడవలేకపోతున్నారు. ఆ కుర్రాడికి పురపాలక సంఘం జీతమేమీ ఇవ్వడం లేదు.

2. ఎండాకాలం. ఇది మీ శాఖ మరీ జాగ్రత్తగా చదవాలి. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ఎండలో పనిచేసేవారి సంగతి మనకు తెలుసు. ఇంట్లో ఉండి పోయేవారి సంగతి షికాగో నగరం 1995లో నేర్చుకుంది. ఆ జులైలో వేడిగాలులకు అక్కడ మామూలు కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. వారిలో చాలామంది ఒంటరిగా బతుకుతున్న వృద్ధులు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సమాజశాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశాడు. రెండింటిలోనూ పేదలే, రెండింటిలోనూ ఒంటరి వృద్ధులు ఉన్నారు. ఒక పేటలో వీధి నిండా దుకాణాలు, మనుషుల రాకపోకలు. అక్కడ చావులు తక్కువ. రెండోది ఖాళీ స్థలాలతో, మూసేసిన దుకాణాలతో బోసిపోయిన పేట. అక్కడ ముసలివాళ్లు తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు, లోపలే పోయారు. రోహిణి కార్తెలో మన రేకుల ఇళ్లలో ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. మీ వేసవి కార్యాచరణలో చలివేంద్రాలు ఉంటాయి, మజ్జిగ ప్యాకెట్లు ఉంటాయి. ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారన్న జాబితా ఉంటుందా?

3. మోసాలు. 'డిజిటల్ అరెస్ట్' పేరిట పెద్దవాళ్ల పొదుపు మొత్తాలు ఎలా పోతున్నాయో పత్రికల్లో చూస్తున్నాం. 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో దాని గురించి హెచ్చరించారు. ఆ మోసం నడిచే తీరు ఒకసారి గమనించండి. పోలీసు దుస్తుల్లో వీడియోకాల్‌లో కనిపించేవాడు ముందు పెట్టే షరతు ఏమిటి? గది తలుపు వేసుకో, ఎవరికీ చెప్పవద్దు, కాల్ కట్ చేయవద్దు. డబ్బు అడగడం ఆ తర్వాతే. పక్కన ఒక్క మనిషి ఉన్నా పని జరగదని వాడికి తెలుసు. ఒంటరి మనిషి విలువ మోసగాళ్లు గ్రహించినంత బాగా మనం గ్రహించలేదు. మా బల్ల దగ్గర ఇలాంటి ఫోను వచ్చిందని ఒకాయన వణుకుతూ చెబితే, ఇటు నుంచి ముగ్గురు అటు నుంచి ఇద్దరు నవ్వి, ఆ నంబరుకు తిరిగి ఫోను చేసి నాలుగు చీవాట్లు పెట్టారు. ఆయన డబ్బు ఖాతాలోనే ఉంది. సైబర్ అవగాహన సదస్సులకు ఫ్లెక్సీలు కొట్టించే ఖర్చులో మా కప్పుకు పెంకులు వచ్చేవి.

4. ఆడవాళ్లు. పఠన మందిరం గురించి ఇంత రాసిన నేను ఇదీ రాయాలి. అక్కడ ఆడవాళ్లు ఉండేవారు కాదు. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. వాళ్లకు అరుగులు ఉండేవి, కుళాయి దగ్గర, గుడి మండపంలో మాటలు ఉండేవి. కుళాయి ఇంట్లోకి వచ్చింది, అది మంచిదే. అరుగు పోయింది. మిగిలింది డ్వాక్రా సమావేశం. మా వీధి సంఘంలో అదీ ఇప్పుడు సంతకాలు పెట్టి, యాప్‌లో ఫొటో ఎక్కించి లేచిపోయే తంతు అయింది. అప్పు తీసుకునే వయసు దాటిందని పెద్దావిడలు ఆ సంఘం నుంచి కూడా పక్కకు తప్పుకున్నారు. మగవాడు రిటైరైతే టీ కొట్టు దగ్గరైనా నిలబడతాడు. అరవై దాటిన ఆడమనిషి టీ కొట్టు దగ్గర నిలబడే రోజు మన పట్టణాల్లో ఇంకా రాలేదు. కాబట్టి చోటు పోయినప్పుడు ముందుగా, ఎక్కువగా నష్టపోయేది ఆవిడే.

5. చదువుకునే పిల్లలు. ఉద్యోగ ప్రకటనల కోసం, పోటీ పరీక్షల కోసం వచ్చేవారు. వాళ్లు ఇప్పుడు నెలకు డబ్బు కట్టి ప్రైవేటు రీడింగ్ రూముల్లో చెక్క గూళ్లలో తలదూర్చి చదువుతున్నారు. కట్టలేనివారు ఇంట్లోనే. పెద్దవాళ్లతో వాళ్లకు ఉండిన మాట మంచీ పోయింది, అది రెండు పక్షాలకూ నష్టమే.

ఇక్కడ ఒక అభ్యంతరం నాకు ముందే వినబడుతోంది. తల్లిదండ్రులను చూసుకోవలసింది పిల్లలు కదా, పురపాలక సంఘం ఏం చేస్తుంది అని. కార్యాలయంలో ఒక ఉద్యోగి ఈ మాట మాతో అన్నారు కూడా. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పోషించని పిల్లల మీద ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు, నెలకు ఇంత అని భత్యం రాబట్టవచ్చు. మా వాళ్లలో చాలామందికి ఆ అవసరమే లేదు. పిల్లలు డబ్బు పంపుతున్నారు, ఇంట్లో ఏసీ పెట్టించారు, ఫోను కొనిచ్చారు. డాలస్‌లో వాళ్లకు తెల్లవారేసరికి ఇక్కడ సాయంత్రమవుతుంది, అయినా ఫోను చేస్తూనే ఉన్నారు. ఆ పిల్లలను తిట్టడం నాకు ఇష్టం ఉండదు. ఊరిలో ఉద్యోగాలుంటే ఎవరు వెళతారు? వీడియోలో మనవడు కనబడతాడు, ఆ కాసేపు ఇల్లు వెలుగుతుంది. తర్వాత ఇరవై మూడున్నర గంటలు ఉంటాయి. వాటిని నింపేది కొడుకులు కోడళ్లు కారు, వాళ్లు ఇక్కడే ఉన్నా నింపలేరు. ఈడువాళ్లు నింపాలి. తమ కాలం ధరలు, తమ కాలం తుపానులు, తమ కాలం కలెక్టర్లు తెలిసినవాళ్లు.

వృద్ధుల సహాయానికి 14567 అనే నంబరు ఉందని కూడా చెప్పారు. మంచి నంబరే, అవసరమైనవారు వాడుకోవాలి. ఫోను చేసి నోరు విప్పగలిగినవారికి అది ఉపయోగపడుతుంది. నా పాసుబుక్కు ముసలమ్మ ఆ నంబరుకు ఎప్పటికీ ఫోను చేయదు.

చేయాలనుకుంటే చేయగలిగినవి ఎన్నో ఉన్నాయని ఇతర దేశాలు చూపించాయి. మా శాఖ సంగతే ముందు చెబుతాను. ఫ్రాన్స్ తపాలా సంస్థ 2017 నుంచి పోస్టుమాన్ల చేత వృద్ధుల ఇళ్లకు వెళ్లి పలకరించే సేవ నడుపుతోంది, పిల్లలు రుసుము కడతారు. పలకరింపుకు రుసుమా అని ముక్కున వేలేసుకోవచ్చు గానీ, ఎవరూ పలకరించకపోవడం కంటే నయమే. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో మరో పని మొదలుపెట్టాడు. దేశం మొత్తంలో మానసిక వైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందుకని పేటల్లోని బామ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెట్ల కింద చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. దిగులుతో వచ్చినవారు ఆ బామ్మ పక్కన కూర్చుని చెప్పుకుంటారు. ఆ పద్ధతితో దిగులు లక్షణాలు తగ్గాయని 2016లో ప్రచురితమైన వైద్య పరిశోధన చెప్పింది. పెట్టుబడి ఏమిటి? ఒక బెంచీ, ఒక బామ్మ. మనకు బామ్మల కొరత లేదు.

నిజానికి ఈ విషయంలో ఆంధ్రదేశం ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోవలసిన పని లేదు. వేటపాలెంలో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం 1918లో వెలసింది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయ ఉద్యమం నడిపారు. 1930లలో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊళ్లకు తీసుకువెళ్లారు. చదువు రానివారికి చదివి వినిపించడం కూడా అప్పటి గ్రంథాలయాల పనుల్లో ఒకటి. ఇదంతా పరాయి పాలనలో, చందాలతో జరిగింది. ఇప్పుడు చందా అడగనక్కరలేదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మేం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మీరు వసూలు చేస్తూనే ఉన్నారు. పఠన మందిరానికి తాళం వేసిన ఏడాది కూడా నా పన్ను రసీదులో ఆ పద్దు ఉంది.

కనుక మా డిమాండ్లు ఇవి.

1. మూసిన పఠన మందిరాలకు 60 రోజుల్లోగా మరమ్మతు అంచనా వేయించండి. భవనం నిజంగా కూలిపోయే స్థితిలో ఉంటే, కట్టేదాకా వార్డు సచివాలయంలో ఒక గది గానీ, బడి వదిలాక మునిసిపల్ పాఠశాలలో ఒక తరగతి గది గానీ ఇవ్వండి. తాళం వేసే రోజునే మరో చోటు తెరవాలన్న నియమం పెట్టండి.

2. ప్రతి పురపాలక సంఘమూ ఏడాదిలో ఎంత గ్రంథాలయ పన్ను వసూలు చేసింది, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేసింది, బాకీ ఎంత అన్నది ఏప్రిల్ నెలలో నోటీసు బోర్డు మీద పెట్టాలి.

3. పార్కులు పగలంతా తెరిచి ఉంచండి. నీడలో, వెనక ఆనుకోవడానికి వీలున్న బెంచీలు, ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చునేలా వేయించండి. రోడ్డు వైపు మొహం పెట్టి వరసగా వేసిన బెంచీ మీద మాట కలవదు. మరుగుదొడ్డి, తాగునీరు లేకపోతే ఆడవాళ్లు రారు.

4. రోడ్డు విస్తరణలో అరుగులు, చెట్టు చుట్టూ కట్టిన దిమ్మెలు పోతే, అదే వీధిలో అందరూ కూర్చునే చోటు కట్టడం అంచనా వ్యయంలో భాగం చేయండి. లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకని వదిలిన స్థలాలు ఆక్రమణలకు పోకముందే ఒక చెట్టు, ఒక దిమ్మె అయినా వేయించండి.

5. ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది పింఛను పట్టుకుని ఇంటింటికీ వెళుతున్నారు. ఇప్పటికే తలుపు దాకా వెళుతున్న ఆ మనిషిని ఇంకొక్క ప్రశ్న అడగమనండి: ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు? పింఛను లేని ఇళ్లను కూడా కలిపి, ఒంటరిగా ఉంటున్నవారి జాబితా వారి సమ్మతితో వార్డుల వారీగా తయారు చేయండి. వేడిగాలుల హెచ్చరిక వచ్చిన రోజున, తుపాను రోజున ఆ జాబితాలోని ప్రతి ఇంటికీ ఒక మనిషి వెళ్లాలి. ఆ జాబితా మోసగాళ్ల చేతిలో పడకుండా చూసే పూచీ కమిషనర్‌ది.

6. పఠన మందిరాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర వరకు మహిళలకు కేటాయించండి. పుస్తకమే చదవాలన్న నిబంధన వద్దు. కాయగూరలు ఒలుచుకున్నా, దుప్పట్లు కుట్టుకున్నా అభ్యంతరం పెట్టకూడదు. అరవై దాటినవారిని స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో అప్పుతో సంబంధం లేకుండా సభ్యులుగా కొనసాగించండి.

7. పట్టణ ఆరోగ్య కేంద్రాల ఆవరణలో హరారే తరహా బెంచీని జిల్లాకు ఒకచోట ప్రయోగంగా పెట్టి చూడండి.

8. అర్జీదారు సంతకం లేకుండా ఏ అర్జీనీ 'పరిష్కరించబడినది' అని మూసివేయకూడదు. ఇది ఒక్క పఠన మందిరం గురించి చెబుతున్నది కాదని మీకు తెలుసు.

మా వంతుగా ఏం చేస్తామో కూడా రాస్తున్నాను. గది ఇస్తే పత్రికల చందా మేమే కడతాం. ఊడవడం, తాళం తీయడం, వేయడం వంతుల వారీగా చేసుకుంటాం. మా పాఠకుల్లో రిటైరైన తాపీ మేస్త్రీ ఒకరున్నారు, సామాను ఇస్తే కప్పు పని దగ్గరుండి చేయిస్తానంటున్నారు. ఇవన్నీ కాగితం మీద సంతకాలతో ఇవ్వడానికి సిద్ధం.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం మా పురపాలక కార్యాలయంలో గ్రీవెన్సులో ఇస్తాం. జవాబు రాతపూర్వకంగా, తేదీతో, బాధ్యత వహించే అధికారి పేరుతో కావాలి. అది వచ్చేదాకా ప్రతిరోజూ పొద్దున ఏడింటికి మా పత్రికలు తెచ్చుకుని కార్యాలయం మెట్ల మీద కూర్చుని చదువుకుంటాం. రాకపోకలకు అడ్డం రాకుండా ఒక వారగానే కూర్చుంటాం. శుక్లాలకు ఆపరేషను చేయించుకోకుండా వాయిదా వేస్తున్న పెద్దాయన కూడా వస్తానన్నారు. ఆయన తీర్పులు కాస్త గట్టిగా వినబడతాయి, సిబ్బంది మన్నించాలి.

భవదీయుడు,
వార్డు పఠన మందిరం పాఠకుల తరఫున,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి